హొళెబాగిలు బావి నీళ్ళు

వెంకటగిరియప్ప బస్సులో మైకు అందుకున్నాక రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. తరువాత, తాను చెప్పబోయే సంగతి తనకు ఎవరు చెప్పారో చెప్పేవాడు. సంగతి ఆ తరువాతే.

“కాపు లైటుహౌసు పంతొమ్మిది వందల ఒకటిలో కట్టినారంట. ఈ మాట నాకు అక్కడ టికెట్లు ఇచ్చే ఆయప్ప చెప్పినాడు. ఊర్లో ఇంకొకర్ని అడిగితే ఆయనా అదే చెప్పినాడు. అందుకని చెప్తా ఉండాను.”

బెంగుళూరు నుంచి కరావళికి, అంటే మంగుళూరు పైనుంచి భట్కళ దాటేదాకా ఉన్న సముద్రతీరానికి, నాలుగు రోజుల తెలుగు యాత్రలు నడిపే బస్సు అది. మూడబిదిరె జైన బసదిలో వెయ్యి స్తంభాలు ఉన్నాయని లోకమంతా చెబుతుంది. వెంకటగిరియప్ప మాత్రం, “వెయ్యి అంటారు, నేను ఎంచలేదు,” అనేవాడు. బార్కూరులో ఒకప్పుడు రోజుకొకటి చొప్పున మూడు వందల అరవై అయిదు గుళ్ళు ఉండేవని ప్రతీతి. అతను ఆ మాట చెప్పి, “ఇప్పుడు అన్ని లేవు. అప్పుడు ఉండెనో లేదో నాకు చెప్పినోళ్ళకి కూడా తెలీదు,” అని ముగించేవాడు. మిగతా గైడ్లు రాణులను, ఏనుగులను, నిధులను బస్సులోకి ఎక్కిస్తుంటే ఇతను తెలీదు తెలీదు అంటూ పదిహేడేళ్ళు నెట్టుకొచ్చాడు.

అతను పుట్టింది కబ్బన్‌పేటలో, మగ్గాల మధ్య. తాత, తండ్రి పట్టు నేసినవాళ్ళు. తనూ పన్నెండో ఏట మగ్గం ఎక్కాడు. మగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చి, మరమగ్గాలూ పోయాక, నలభై దాటిన వయసులో ట్రావెల్స్ కంపెనీలో సామాన్లు సర్దే పనికి కుదిరాడు. ఒక యాత్రకు గైడు రాలేదు. ఓనరు ఇతని చేతిలో మైకు పెట్టాడు. ఆ మొదటి యాత్రలో మూడబిదిరె దాకా ఒక్క మాటా మాట్లాడకుండా మైకు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. అక్కడ అందరూ భోంచేస్తుంటే తను వెళ్ళి బసది కాపలాదారుని, ఎదురుగా పూలమ్మే ఆవిడను అడిగి తెలుసుకుని వచ్చి, ఆ రెండు ముక్కలూ వాళ్ళ పేర్లతో సహా చెప్పాడు. అప్పటి నుంచి అదే పద్ధతి. మగ్గం మీద పోగు తెగితే ముడి వేస్తారు. ఏ పోగు తెగిందో చూడకుండా మాత్రం వెయ్యరు. మాటనూ అతను అలాగే చూసేవాడు.

నేను బసవనగుడిలోని మా తెలుగు సంఘం పెద్దలతో కలిసి ఏటా ఆ బస్సు ఎక్కేవాణ్ణి. తొమ్మిదేళ్ళపాటు ముందు సీటు నాదే. అతని పక్కన కూర్చుని దారి పొడవునా ఏదో ఒకటి చెబుతూ ఉండేవాణ్ణి. వాటిలో కొన్నిటిని అతను నా పేరుతో మైకులో చెప్పేవాడు.

ఆ దారిలో హొళెబాగిలు అనే చిన్న ఊరు ఉంది. మ్యాపులో వెతకకండి, పేరు నేను మార్చాను. ఆ ఊరికి జరిగింది చాలు. ఒకప్పుడు రేవు. ఇప్పుడు మిగిలింది ఏటి ఒడ్డున ఎర్రరాతి గోదాము గోడలు, మెట్లు దిగే ఒక చదరపు బావి, బావి పక్కన కమలక్క ఇల్లు. కమలక్కకు ఎనభై ఏళ్ళు ఉంటాయి. ఆ తీరంలో గడప తొక్కిన వాళ్ళకు ముందు మంచినీళ్ళు, బెల్లంముక్క ఇస్తారు. తరువాతే ఎవరు, ఏమిటి అని అడుగుతారు. మా బస్సు ఆగిందంటే ఆవిడ రాగి బిందె అరుగు మీదికి తెచ్చేది. నలభై మందికి నలభై బెల్లంముక్కలు పళ్ళెంలో పేర్చి, ఒక్కొక్కరి దోసిట్లో బావి నీళ్ళు పోసేది. అందరూ తాగాక వెంకటగిరియప్ప తాగేవాడు. ఆవిడ ఒక్క పైసా పుచ్చుకునేది కాదు. పండ్లు తీసుకెళితే పుచ్చుకునేది, అవీ తిరిగి మాకే కోసి పెట్టేది.

మూడేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, ఆ బావి దగ్గర నిలబడి అతను ఎప్పటిలాగే చెప్పాడు: బావి పాతది, ఎవరు తవ్వించారో కమలక్కకూ తెలీదు, నాకూ తెలీదు.

మా సంఘంలో కిరణ్మయి అని బ్యాంకు ఆఫీసరు ఉంది. ఎండకు విసిగి ఉంది. “ప్రతిదానికీ తెలీదంటే గైడెందుకండీ, గూగుల్ చూసుకుంటాం కదా,” అంది. నలుగురు నవ్వారు. వెంకటగిరియప్ప మైకు కట్టేసి వచ్చి గోదాము మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

అప్పుడు నేను చేసిన పని అతని మీద జాలితో చేశానని చెప్పుకుంటే బాగుంటుంది. జాలి కాదు. నోటి దురద. మిషన్ స్కూల్లో ఫాదర్లు బెత్తంతో చరిత్ర నేర్పిన రోజుల నుంచి, ఖాళీ జాగా కనిపిస్తే అందులో ఏదో ఒకటి నిలబెట్టకుండా ఉండలేను.

“ఎవరు తవ్వించారో నాకు తెలుసు,” అన్నాను.

మొహం కదలకుండా మొదలుపెట్టాను. మూడు వందల ఏళ్ళ కిందట ఈ ఇంటివాళ్ళు మిరియాల వర్తకులు. ఓడలో వచ్చిన పరదేశీలు సరుకు తీసుకుని మోసం చేశారు. ఆ ఇంటి ఇల్లాలు వాళ్ళను భోజనానికి పిలిచి, ఈ బావిలో విషం కలిపి, తన చేత్తో నీళ్ళు పోసి తాగించింది. పంతొమ్మిది మంది ఈ మెట్ల మీదే పడిపోయారు. నెలరోజులు ఏటిలో చేపలు కూడా వెల్లకిలా తేలాయి.

పంతొమ్మిది అని ఎందుకు అన్నానంటే, ఇరవై అంటే నమ్మరు.

“ఇది మీకి ఎవురు చెప్పిరి సార్?” అన్నాడు. అడుగుతాడని నాకు తెలుసు.

“మా స్కూలు లైబ్రరీలో చదివాను. ఇంగ్లీషు పుస్తకం. ఎర్ర తోలు అట్ట. పేరు గుర్తు లేదు.”

అతను బావి వైపు చూశాడు. “ఇన్నేండ్లు నేను తెలీదంటా వచ్చినానే,” అన్నాడు.

తరువాతి మజిలీ బస్రూరు చేరేలోపు ఇదంతా వేళాకోళమని చెప్పేద్దామనుకున్నాను. బస్రూరులో నీరుదోసెలు బాగున్నాయి. మరిచిపోయాను.

తరువాత నాకు మోకాలి ఆపరేషన్ అయింది. రెండేళ్ళు బస్సు ఎక్కలేదు. పోయిన ఏడు మా వాట్సాప్ గుంపులోకి ఒక వీడియో వచ్చింది. యలహంకలో ఉండే చైతు అనే సాఫ్ట్‌వేర్ కుర్రవాడు యాత్రలో తీసినది. పైన ‘పాయిజన్ వెల్’ అని రాసి, పుర్రె బొమ్మ పెట్టాడు. లక్షల మంది చూశారట. అందులో వెంకటగిరియప్ప బావి ముందు నిలబడి ఉన్నాడు. నేను చెప్పిన కథను ఒక్క అక్షరం పెంచకుండా, ఒక్క అక్షరం తగ్గించకుండా చెబుతున్నాడు. చేపలను కూడా వదల్లేదు.

“ఈ మాట నాకి పద్మనాభం సారు చెప్పినారు. బసవనగుడిలో ఉండారు. పెద్ద చదువులు చదివినోరు. ఇంగ్లీషు పుస్తకంలో చూసినారు. ఆయన చెప్పింది కాబట్టి నేను ధైర్యంగా చెప్తా ఉండాను.”

వీడియో చివర అరుగు కనిపిస్తుంది. కమలక్క చెంబు ఎత్తి పట్టుకుని ఉంది. జనం నవ్వుతూ బ్యాగుల్లోంచి సీసాలు తీసి వాటి నీళ్ళు తాగుతున్నారు. వెంకటగిరియప్ప ఒక్కడే దోసిలి పట్టి, కెమెరా వైపు తిరిగి, ఇది పాతకాలం సంగతి, ఇప్పుడు నీళ్ళు మంచివే అని చెప్పి తాగాడు. అతని తరువాత ఒక్కరూ ముందుకు రాలేదు.

మిగిలింది అతనే నాకు ఫోనులో చెప్పాడు. కమలక్కకు తెలుగు రాదు. నీళ్ళు ఎవరూ తాగడం లేదేమని ఆవిడ యాత్ర యాత్రకూ అడిగేదట. చివరికి, ఆవిడ ఇంటి చరిత్ర ఆవిడకు తెలియడం న్యాయమనుకుని, కన్నడంలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. ఆవిడ విన్నది. పళ్ళెం లోపల పెట్టింది. తిరిగి వచ్చి, సగం నిండి ఉన్న బిందెను కుమ్మరించి తలుపు వేసుకుంది.

ఆ తరువాతి యాత్రకు ఊరి మొదట్లోనే మనుషులు అడ్డం నిలబడ్డారు. మా ఊరి ఆడమనిషి ఇంటికి వచ్చినవాళ్ళకు విషం పోసిందా, ఎవడు రాశాడు, ఎక్కడ రాశాడు, చూపించి ముందుకు కదలండి అన్నారు. బస్సు వెనక్కి తిరిగింది.

“పుస్తకం పేరు చెప్తే చాలు సార్,” అన్నాడు ఫోనులో. “వాళ్ళకి చూపిస్తాను. మా ఓనరుకీ చూపిస్తాను. నన్ను అబద్ధీకుడు అంటా ఉండారు.”

“వెతుకుతున్నానప్పా,” అన్నాను.

వారం తరువాత మళ్ళీ ఫోను చేశాడు. వెతుకుతున్నానన్నాను. మూడోసారి ఫోను మోగితే తియ్యలేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషిని. బల్ల మీద ఫోను ఆగేదాకా దాని వైపు చూస్తూ కూర్చున్నాను.

తరువాత వచ్చిన ఫోను మా పాత స్కూలు నుంచి. లైబ్రేరియన్ ఫర్హానా అని చెప్పుకుంది. మర్యాదగానే మాట్లాడింది. మీ పేరు చెప్పి ఒకాయన మూడు రోజులుగా వస్తున్నారు, ఇంగ్లీషు రాదన్నారు, ఎర్ర అట్ట ఉన్న పుస్తకాలన్నీ దింపి బల్ల మీద పరిచారు, ఒక్కొక్కటీ తెరిచి బావి బొమ్మ ఉందేమోనని చూస్తున్నారు. “పెద్దాయన, సార్. కాదనలేకపోతున్నాను. ఏ పుస్తకమో మీరు చెబితే తీసిస్తాను.”

అతని పని పోయిందని అప్పటికే సంఘంలో విన్నాను. మరునాడు బయలుదేరాను. అతని ఇంటికి కాదు, ముందు యలహంకలో ఓనరు దగ్గరికి. తేలికైన చోటికి ముందు వెళ్ళాను.

ఓనరు హేమంత్‌కుమార్‌కు నలభై లోపే. నేను చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు. తప్పు నాది, కథ నాది, పుస్తకమే లేదు, ఆయన్ను మళ్ళీ పనిలోకి తీసుకోండి అన్నాను. అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. దానితోనే వచ్చింది బాధ.

“స్టోరీ ప్రాబ్లం కాదు సార్. స్టోరీ సూపర్. నలుగురు గైడ్లు ఉన్నారు నాకు, అందరూ రోజూ కల్పిస్తారు. ‘అని చెబుతారు’ అని వదిలేస్తారు. ఎవడు చెప్పాడని ఎవడూ అడగడు. ఈయన పేరు, అడ్రసు, బుక్కు, అన్నీ ఇచ్చాడు. నిజమనుకున్నారు. అదే కొంప ముంచింది.”

తనూ ఒక దారి చూపించానన్నాడు. కెమెరా ముందు నిలబడి, నవ్వించడానికి సొంతంగా అల్లానండీ, క్షమించండి అని ఒక్క ముక్క చెబితే ఊరివాళ్ళు చల్లబడతారు, పని ఉంటుంది అని చెప్పాడట. వెంకటగిరియప్ప ఒప్పుకోలేదు. నేను అల్లలేదు, సారు చెప్పారు, సారు అబద్ధం చెప్పరు అన్నాడట. మరునాటి నుంచి పనిలోకి రావద్దన్నారు.

“ఇప్పుడు మీరొచ్చి ఇలా అంటున్నారు,” అని హేమంత్‌కుమార్ తల అడ్డంగా ఊపాడు. “ఆ స్టాపే తీసేశాం సార్. ఆ గంట మల్పె బీచిలో ఇస్తున్నాం, జనం హ్యాపీ.” లేచి గుమ్మం దాకా సాగనంపుతూ, వేరే ఊళ్ళ మీద ఇలాంటి కథలు ఇంకేమైనా ఉంటే కొత్త గైడుకు చెప్పమని అడిగాడు. పేర్లు లేకుండా వాడుకుంటామన్నాడు.

కబ్బన్‌పేటలో అతనిది రెండు గదుల ఇల్లు. ఒకప్పుడు మగ్గం గుంట ఉన్న చోట ఇప్పుడు మంచం వేసుకున్నారు. నేను వెళ్ళేసరికి వెంకటగిరియప్ప చొక్కా తొడుక్కుంటున్నాడు. చిక్కపేటలో చీరల కొట్లో మడతలు పెట్టే పని దొరికిందట. నన్ను చూసి మొహం వెలిగింది. నా చేతుల వైపు చూశాడు. పుస్తకం తెచ్చాననుకున్నాడు.

అతని భార్య సుశీల కుర్చీ వేసింది. కూర్చోకుండానే చెప్పాను.

“అలాంటి పుస్తకం లేదప్పా.”

“స్కూల్లో లేదా సార్, యాడా లేదా?”

“ఎక్కడా లేదు. నేనే కల్పించాను.”

చొక్కా చివరి గుండీ దగ్గర అతని వేళ్ళు ఆగిపోయాయి. ఏమిటికి అని అడిగాడు. సరదాకి అన్నాను. ఆ గదిలో ఆ మాట ఎలా ఉందో చెప్పలేను.

అతను అరవలేదు. సుశీల కూడా గొంతు పెంచకుండానే అంది: “మీ ఇంట్లో మనవలు ఉండారు గదా సార్. వాళ్ళకి చెప్పుకోగూడదా?”

వెంకటగిరియప్ప మంచం మీద కూర్చున్నాడు. లెక్క మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళపాటు ముందు సీట్లో కూర్చుని నేను చెప్పినవన్నీ అతనికి వరసగా గుర్తున్నాయి, తేదీలతో సహా.

“భట్కళ రేవులో అరబ్బు గుర్రాలు దిగినాయి అంటిరే?”

“అది నిజం.”

“ఓడలో నుంచి దూకి ఒడ్డు దాకా ఈదినాయి అంటిరే?”

“ఈదింది నేను కలిపాను.”

“మిర్జాను కోట గోడల్లో బెల్లం, గుడ్లు కలిపినారని?”

“కలిపాను.”

“బార్కూరులో ఒక రాజు దినామూ కొత్త గుడిలో భోంచేసినాడని?”

ఎక్కడో చదివానా, ఎవరైనా చెప్పారా, బస్సు కిటికీలోంచి చూస్తూ నేనే అనుకున్నానా? ఎంత తవ్వుకున్నా తేలలేదు.

“గుర్తు లేదు,” అన్నాను.

“గుర్తు లేదంటే ఏమి సార్? నిజమా, కాదా?”

“నాకే తెలియదప్పా.”

అతను నా వైపు చూశాడు. కోపం కాదు. కొట్లో కొన్న చీర ఇంటికి తెచ్చి విప్పితే లోపల మడతలో చిరుగు కనిపించినప్పుడు చూస్తారే, అలా చూశాడు. ఇన్నేళ్ళలో ఎంతమంది ఎక్కారో, ఎంతమందికి చెప్పాడో, వాళ్ళను ఎక్కడని వెతకాలో అని సుశీలతో అన్నాడు, నాతో కాదు. ఆవిడ, వాళ్ళు అప్పుడే మరిచిపోయింటారు, నువ్వూ మరిచిపో అంది.

“కమలక్క మరిచిపోదు,” అన్నాడు.

సోమవారం కొట్టుకు సెలవు, ప్రభుత్వ బస్సులో పోయి ఆవిడకు చెప్పి వస్తానన్నాడు. తలుపు తీయకపోతే అరుగు మీద కూర్చుంటాను, తీసేదాకా అన్నాడు. మోకాలి మాట ఎత్తకుండా నేను వెంటనే, నేనూ వస్తాను, నా తప్పు నా నోటితోనే ఆవిడకు చెబుతాను అన్నాను. నిజంగానే అన్నాను. ఆ ఏడాదిలో నేను అన్న ఒక్క నిజమైన మాట అదే అయ్యుండవచ్చు.

వెంకటగిరియప్ప లేచి నిలబడి, మిగిలిన గుండీ పెట్టుకున్నాడు.

“మీరు రావద్దు సార్. మీరొస్తే ఆయమ్మ కండ్లనీళ్ళు పెట్టుకుంటాది. మీకి చూడలేకుండా అవుతాది. ఆయమ్మని సముదాయించేకి అక్కడ ఇంకొకటి చెప్తారు.”

లేదప్పా, చెప్పనని అందామనుకున్నాను. నేను చెప్పనంటే అతను ఎందుకు నమ్మాలి? సుశీల అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళి, నా చెప్పులు వీధి వైపు తిప్పి పెట్టింది.

సోమవారం అతను ఒక్కడే వెళ్ళాడు. బుధవారం తిరిగి వచ్చాడని తెలిసింది. కమలక్క తలుపు తీసిందో లేదో నాకు తెలియదు.